శృంగేరి దోపిడి: పోయినది, మిగిలినది

బెంగుళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో శృంగేరి యాత్ర చేయని కుటుంబము అరుదు. పిల్లల అక్షరాభ్యాసమనగానే మనకు శారదాంబ సన్నిధి గుర్తుకు వచ్చును. తుంగానదిలో చేపలకు బొరుగులు వేయుట, విద్యాశంకరాలయమున పండ్రెండు రాశి స్తంభములను లెక్కించుట, మధ్యాహ్నము మఠమున పంక్తిలో కూర్చుండి ప్రసాదము స్వీకరించుట, ఇవన్నియు మన ఇండ్లలో తరతరములుగా చెప్పుకొను ముచ్చటలు. అయితే ఆ పవిత్ర స్థలము 1791వ సంవత్సరమున దోపిడికి గురియైన సంగతి మనలో కొద్దిమందికే తెలియును. తెలిసినవారు సైతము సగము కథనే జ్ఞాపకముంచుకొందురు. కొందరు దోచినవారి పేరు చెప్పి ఊరకుందురు. కొందరు ఆదుకొన్నవాని పేరు చెప్పి ఊరకుందురు. ఎవరికి ప్రియమైన సగమును వారు చేతబట్టుకొని వాదమునకు దిగుట ఉగాది సభలలోను, పెండ్లి పందిళ్లలోను నేను పలుమారులు చూచితిని. ఆ కథను మొదటినుండి తుదివరకు చెప్పి, అందు మనకు గల ఆధ్యాత్మిక బోధ ఏమియో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేను పండితుడను గాను. మెట్రిక్యులేషను వరకు చదివి, గుమాస్తాగా చేరి, దస్త్రముల నడుమ ఉద్యోగకాలమంతయు గడిపి విశ్రాంతి పొందినవాడను. అయినను ఈ కథ నాబోటివాడు చెప్పదగినదే. ఏలయన, ఇది ఒక దస్త్రపు కట్టలో దొరికిన కథ.

ముందుగా ఆ కాలమును గూర్చి కొంత చెప్పవలెను. 1790లో మూడవ మైసూరు యుద్ధము ప్రారంభమైనది. ఒకవైపు టిప్పు సుల్తాను. మరియొకవైపు ఆంగ్లేయుల కంపెనీ, పూనా పీష్వా, హైదరాబాదు నిజాము. 1791 మార్చి 7వ తేదీన కారన్‌వాలిసు ప్రభువు సేన మన బెంగుళూరు పేటను, 21వ తేదీ రాత్రి కోటను పట్టుకొనెను. నేడు మనము బట్టలకును, వెండి సామానులకును పోవు చిక్కపేట, అవెన్యూ రోడ్డు ప్రాంతములే నాటి పేట. కోట వెంకటరమణస్వామి గుడి ముందరి స్తంభము ఫిరంగి గుండును తనపైకి తీసికొని సుల్తానును కాపాడెనని ఇచ్చటి పెద్దలు చెప్పుకొను గాథయు ఆ యుద్ధమునాటిదే.

అదే సమయమున ఉత్తరమునుండి మహారాష్ట్ర సైన్యము పరశురామభావు పట్వర్ధను నాయకత్వమున మైసూరు రాజ్యముపై దిగినది. నెలల తరబడి సాగిన ముట్టడి అనంతరము ధారవాడ కోట ఏప్రిలులో లొంగిపోయినది. ఆ దండు దక్షిణమునకు కదలిన రోజులలోనే, పట్వర్ధను వంశీయుడగు రఘునాథరావు ఆధీనములోని గుఱ్ఱపుదళము మలెనాడు కొండలలోని శృంగేరిపై బడినది.

ఆ నాటి దండుల రీతి ఎట్టిదో తెలిసికొననిదే ఈ ఘోరము అర్థము కాదు. సైనికులకు జీతములు సకాలమున అందెడివి కావు. పెద్ద దండు వెంట పిండారీలు నడచెడివారు. వారికి జీతమే లేదు. దోచుకొన్నదే వారి జీతము, అందు దండుదొరలకు కొంత భాగము. దండు కదలిన దారిలోని పల్లెల పంటలు, పశువులు, ఇండ్లు, గుడులు అన్నియు వారి కంటికి ఒక్కటే. దోపిడి అనునది అచ్చట కోపమువలన జరుగు కార్యము కాదు. దినవెచ్చమువలె జరుగు కార్యము. శృంగేరిలోనో, తరతరముల ద్రవ్యము చేరియున్నది. 1346లో హరిహరరాయలు సోదరులతో కూడ వచ్చి భూదానము చేసిన స్థలమది. తరువాత కెళది నాయకులు, మైసూరు ప్రభువులు ఆ పీఠమును గౌరవించుచు వచ్చిరి. శారదాంబ మూర్తి మొదట చందనముతో చేసినదనియు, విద్యారణ్యుల కాలమున స్వర్ణమూర్తి ప్రతిష్ఠింపబడెననియు సంప్రదాయము చెప్పుచున్నది. ఇట్టి స్థలమునకు కాపలా ఏమి? చుట్టును అడవి, ముందు నది, జనులయొక్క భక్తి. అంతకుమించిన కోటగోడ లేదు.

దండు మఠమున ప్రవేశించి చిక్కినదెల్ల దోచుకొనెను. అడ్డుపడిన బ్రాహ్మణులలో పలువురు హతులైరి, పలువురు గాయపడిరి. శారదాంబ మూర్తి తన పీఠమునుండి కదలింపబడెను. నాటి పీఠాధిపతులు శ్రీ సచ్చిదానంద భారతీస్వామివారు స్థలము విడిచి కార్కళము చేరవలసివచ్చెను. నష్టము అరువది లక్షలని కొందరు గ్రంథకర్తలు వ్రాసియున్నారు. లెక్క ఎంతయైనను, అనూచానముగా నిత్యపూజ జరిగిన పీఠము శూన్యమగుటకు మించిన నష్టము లేదు.

ఇచ్చట మన మనస్సు ఒక క్షణము ఆగవలెను. వచ్చినవారు పరదేశీయులు గారు. దండును నడిపిన పట్వర్ధనులు బ్రాహ్మణులు, గణపతి ఉపాసకులు. వారి ప్రభువగు పీష్వాయు బ్రాహ్మణుడే. ఆది శంకరుల పేరు వినిన చేతులు జోడించు కుటుంబములవి. దోపిడి వెంటవచ్చిన పిండారీల పనియే గాని నాయకుల ఆజ్ఞ కాదని మహారాష్ట్ర చరిత్రకారులు వాదించిరి. ఆ వాదము నిజమే కావచ్చును. కాని దండును తెచ్చినవాడు దండు చేసిన పనికి బాధ్యుడు గాకపోడు. వంటింటిలోనికి నిప్పును తెచ్చినవాడు ఇల్లు కాలిన తరువాత నిప్పుదే దోషమనుట చెల్లునా?

ఇక కథలోని రెండవ భాగము. 1916లో మైసూరు సంస్థానపు పురావస్తు పరిశోధన శాఖకు అధిపతియగు ఆర్. నరసింహాచార్యులు గారు, ‘కర్ణాటక కవిచరితె’ కర్తగా మన పండితులకును పరిచితులగు వారే, శృంగేరి మఠమున ఒక కాగితముల కట్టను కనుగొనిరి. అందు టిప్పు సుల్తాను నాటి గురువులకు వ్రాసిన లేఖలు సుమారు ముప్పది. అవి కన్నడ భాషలో వ్రాయబడినవి. వానివలన తెలియవచ్చిన విషయము లోకమును ఆశ్చర్యపరచెను. దోపిడి వార్తను గురువులు తెలుపగా సుల్తాను ఆగ్రహమును, దుఃఖమును వెల్లడించుచు ప్రత్యుత్తరము వ్రాసెను. ఇట్టి పుణ్యస్థలమున పాపము చేసినవారు దాని ఫలమును తప్పక అనుభవింతురని చెప్పుచు, అందుకు ఒక సంస్కృత సూక్తిని ఉదహరించెను. శారదాంబ పునఃప్రతిష్ఠకై రెండువందల రహతీలు రొక్కముగను, రెండువందల రహతీల విలువగల ధాన్యముగను ఇయ్యవలసినదని నగరము, అనగా బిదనూరు, అధికారికి ఉత్తరువు చేసెను. అమ్మవారికి వస్త్రములు, స్వామివారికి శాలువలు పంపెను. తన రాజ్యక్షేమమునకై చండీజపము జరిపింపవలసినదని ప్రార్థించెను. ఆ లేఖలలో గురువులను జగద్గురువులని సంబోధించెను.

ఈ భాగమును చదివి, సుల్తాను పరమ ధర్మాత్ముడని తీర్మానించువారు కలరు. వారికి మలబారు, కొడగు ప్రాంతముల ప్రజలు ఇంకొక దస్త్రమును చూపింతురు. ఆ ప్రాంతములలో ఆయన సేనలు చేసిన పనులు, కలిగించిన బాధలు ఈ లేఖలవలన కడిగివేయబడవు. మరికొందరు, యుద్ధమున చిక్కుకొన్న రాజు ప్రజల మనస్సును గెలుచుకొనుటకు ఆడిన నాటకమే ఇదియందురు. రాజులు చేయు పనులలో రాజనీతి లేకపోదు. కాని హైదరాలీ కాలమునుండియు మైసూరు పాలకులు ఆ మఠమును గౌరవించుచు వచ్చిరనుటకు మఠపు పత్రములే సాక్ష్యము. కూలిపడిన పీఠమునకు ధాన్యము వచ్చినది నిజము; ప్రతిష్ఠ జరిగినది నిజము. లెక్కపుస్తకమున జమయు వ్రాయుదురు, ఖర్చును వ్రాయుదురు. జమను మాత్రము వ్రాసి ఖర్చును దాచు గుమాస్తాను ఏ అధికారియు ఉంచుకొనడు. ఖర్చును మాత్రము వ్రాసి జమను దాచువానిని గూడ ఉంచుకొనడు. చరిత్ర విషయమున మాత్రము మనము అట్టి గుమాస్తాలకు జేజేలు కొట్టుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట సకుటుంబముగా శృంగేరికి పోయినపుడు, శారదాలయపు మెట్లపై కూర్చుండి ఈ కథను మా మనుమనికి చెప్పితిని. వానికి అప్పుడు పదేండ్లు. అంతయు విని వాడు, “తాతయ్యా, అమ్మవారు తన నగలను తానే ఎందుకు కాపాడుకోలేదు?” అని అడిగెను. ఇది పసివాని ప్రశ్న గాదు. సోమనాథమున, శ్రీరంగమున, హంపిలో, దేవళము దోపిడియైన ప్రతిచోటను పెద్దలు గుండెలలో దాచుకొని పైకి అడుగలేక పోయిన ప్రశ్న అదియే. దేవుడు శక్తిమంతుడైన యెడల తన ఇంటిని దోచుచుండగా ఊరకేల యుండెను?

నేను వానితో, “నాయనా, ఆనాడు బంగారం పోయింది. ఇప్పుడు లోపల నువ్వు నమస్కారం చేసింది ఎవరికి?” అంటిని. “అమ్మవారికి” అనెను. “మరి అమ్మవారు పోలేదు కదా!” అంటిని. వాడు కొంతసేపు ఆలోచించి, “పూజారులు పారిపోయి మళ్లీ రాకుండా ఉంటే?” అనెను. ఆ ప్రశ్నలోనే ఈ విషయముయొక్క సారమంతయు కలదని నాకు తోచినది.

నిజమే. మరల వచ్చువారు లేకపోయిన యెడల ఏమగునో చూచుటకు మనము దూరము పోనక్కరలేదు. 1565లో రక్కసి తంగడి యుద్ధము తరువాత విజయనగరము దోపిడియైనది. శ్రీకృష్ణదేవరాయల యేలుబడిలో శోభిల్లిన విఠలాలయము నేడు రాతిరథముతోను, స్వరము పలుకు స్తంభములతోను యాత్రికులను ఆకర్షించుచున్నది. కాని గర్భగుడిలో దీపము లేదు. అదే హంపిలో, అదే దోపిడిని చూచిన విరూపాక్షాలయమున నేటికిని నిత్యపూజ జరుగుచున్నది. రెండును ఒకే ఊరివి, రెండింటి చరిత్రయు ఆ ఒక్క దండయాత్రను దాటి వచ్చినదే. ఒకదానియందు దీపము వెలిగించువారు మరల వచ్చిరి, రెండవదానియందు రాలేదు. విఠలుని మన శిల్పులు ఎంత గొప్పగా నిలిపిరో, మనము అంత నిశ్శబ్దముగా వదలితిమి. దోపిడి కొన్ని దినముల పని. వదలివేయుట నాలుగు వందల యేండ్లుగా సాగుచున్న పని.

శృంగేరి అట్లు గాలేదు. గురువులు కార్కళమున కూర్చుండి విధిని నిందించుచు ఉండిపోలేదు. తాము మరల పీఠమును నిలుపదలచిరి. దానికి ఎవరి సహాయము కావలెనో వారిని అడిగిరి. ఇచ్చినవాని మతము విచారింపక దేవికార్యమునకు స్వీకరించిరి. నూరేండ్లు దాటిన పిమ్మట శ్రీ సచ్చిదానంద శివాభినవ నృసింహ భారతీస్వామివారు, కలపతో నిర్మితమైయుండిన పాత గుడిస్థానమున రాతిగుడిని కట్టించుటకు పూనుకొనిరి. వారు 1912లో సిద్ధిపొందగా, శ్రీ చంద్రశేఖర భారతీస్వామివారు 1916లో కుంభాభిషేకము జరిపిరి. ఆ పాత లేఖల కట్ట వెలికివచ్చినదియు ఆ 1916లోనే. తరువాతి పీఠాధిపతులు శ్రీ అభినవ విద్యాతీర్థస్వామివారు మన బెంగుళూరులో జన్మించినవారు. 1989లో పీఠమధిష్ఠించిన శ్రీ భారతీతీర్థస్వామివారు మచిలీపట్టణమున తెలుగు కుటుంబమున జన్మించినవారు. 2015లో వారు సన్న్యాసమిచ్చి ఉత్తరాధికారిగా నియమించిన శ్రీ విధుశేఖర భారతీస్వామివారును తెలుగు బిడ్డయే. దోపిడిగాండ్రు తీసికొనిపోయిన బంగారము ఎవరి కొంపలో కరగినదో తెలియదు. వారు తీసికొనిపోలేని పరంపర మాత్రము మన కన్నుల యెదుట నిలిచియున్నది.

ఈ వృత్తాంతమునుండి నాకు తోచిన పాఠములు మూడు.

మొదటిది: దోచు బుద్ధికి కులమతములు లేవు. బొట్టు పెట్టుకొన్న చేయి గుడిని దోచవచ్చును; బొట్టు ఎరుగని చేయి గుడికి వస్త్రము పంపవచ్చును. కావున ఒకనాటి దోపిడిని చూపి నేటి ఇరుగుపొరుగును ద్వేషించుట అవివేకము. లోభము మన పూజగదిలో సైతము దాగియుండగలదు. దేవుని హుండిలో వేసిన కానుకకు తన పేరు పలకపై ఎంత పెద్ద అక్షరములతో చెక్కుదురో అని లెక్కించునపుడు మనలోను ఒక చిన్న పిండారీ మేలుకొనుచున్నాడని గుర్తింపవలెను.

రెండవది: దోచుకొనిపోదగినది దైవము గాదు. నగలు భక్తులు అలంకరించినవి, గోడలు భక్తులు కట్టినవి. అవి పోయిన బాధ న్యాయమైనదే. దోషులను దండించుటయు ధర్మమే. కాని అవి పోయినంత మాత్రమున దైవము పోయినదని తలచువాడు, అవి యున్నంత కాలమును దైవమును గాక నగలనే పూజించెనని అర్థము. గురువులకు ఈ భేదము తెలియును గనుకనే వారు తిరిగి రాగలిగిరి.

మూడవది, ప్రవాసమున నివసించు మనకు మిక్కిలి అవసరమైనది: బయటివాడు దోచినది తిరిగి సంపాదింపవచ్చును, మనము చేజేతుల వదలినది తిరిగి రాదు.

ఈ మూడవ పాఠము నాకు పుస్తకములవలన గాక, మా పేటలోని పాత కాగితముల దుకాణములో బోధపడినది. ఒకనాడు వార్తాపత్రికలు అమ్ముటకు పోగా, తూకపు రాళ్ల ప్రక్కన ఎఱ్ఱగుడ్డ అట్టగల ఒక పొడుగాటి పుస్తకము కనబడినది. తెరచి చూతును గదా, తెలుగు లెక్కలు! ఎప్పుడో మూతబడిన ఒక చిన్న భజన మందిరపు జమాఖర్చులు. దీపపు నూనె ఇంత, కర్పూరము ఇంత, శనివారము గుగ్గిళ్లకు శనగలు ఇంత. ఒక శ్రీరామనవమి పుటలో, పెట్రోమాక్సు దీపములు నాలుగు, వీధి చివరి సాహెబుగారు ఇచ్చినవి, బాడుగ లేదు, అని వ్రాసియున్నది. వ్రాసిన చేతిని నేనెరుగను. అక్షరములు ముత్యములవలె నున్నవి. ఏ దండును ఆ వీధిలోనికి రాలేదు, ఏ ఫిరంగియు పేలలేదు. తాత వ్రాసినది చదువుటకు మనుమలకు తెలుగు అక్షరములు రాకపోవుటచేత ఆ పుస్తకము కిలోల లెక్కన అమ్ముడుపోయినది. దుకాణదారు అడిగిన ధర యిచ్చి దానిని ఇంటికి తెచ్చితిని. ఆ రాత్రి అందలి పుటలు చదువుచు, శృంగేరి మఠమున ఆ లేఖల కట్టను నూట పాతిక యేండ్లు చెదలకును, తడికిని అప్పగింపక కాపాడిన పేరులేని లేఖకులను తలచుకొంటిని. ఆ మలెనాటి వానలలో కాగితమును ఎండబెట్టి, గుడ్డలో కట్టి, భద్రపరచుట సామాన్యమైన పని గాదు. వారే లేకున్న యెడల దోచినవాడెవడో, ఆదుకొన్నవాడెవడో ఎవరికి తోచినట్లు వారు చెప్పుకొందుము.

మనము కన్నడసీమలో గౌరవముగా జీవించుచున్నాము. ఈ నేల మనకు అన్నము పెట్టినది. మన పిల్లలు కన్నడమును చక్కగా నేర్చుటయు ధర్మమే. దానికిని, ఇంటి తెలుగును నిలుపుకొనుటకును వైరము లేదు. గురువులకు సుల్తాను వ్రాసిన కన్నడ లేఖలను కాపాడిన పీఠమును నేడు తెలుగు ఇండ్లలో జన్మించిన స్వాములు అలంకరించియుండుటయే అందుకు నిదర్శనము. కాని మన ఇండ్ల అటకలపై మన పెద్దల ఉత్తరములు, లెక్కలు, వ్రాతపుస్తకములు ఎన్ని కలవో, వానిని చదువగలవారు మన ఇండ్లలో ఎందరో, ప్రతి కుటుంబమును ఒక్కసారి లెక్కించుకొనవలెను. మన సంఘమునకు రెండు అలమారులు కొనుట పెద్ద ఖర్చు గాదు. ఎవరి ఇంట అవసరము లేదని తోచిన పాత కాగితములను వారు అచ్చట చేర్చవచ్చును. ఆదివారమునాడు ఒక గంటసేపు పిల్లలకు వానినే పాఠముగా చదివింపవచ్చును. నా యొద్దనున్న ఎఱ్ఱఅట్ట పుస్తకమును మొదట నేనే యిచ్చెదను.

శృంగేరికి పోవువారు ఈమారు శారదాంబకు నమస్కరించునపుడు, ఆ దీపమును మరల వెలిగించుటకు తిరిగి వచ్చినవారికి గూడ ఒక నమస్కారము చేయుదురు గాక. ఆ తల్లి మనకు ఇయ్యవలసిన వరము ధనము గాదు. ఉన్నదానిని విడువక నిలుపుకొను బుద్ధి.